నర్మగర్భంలో నర్మం ఎటు పోయింది?

మీ ప్రశ్నలో నాకు అర్థమైంది ఇది. పత్రికల్లో "నాయకుడు నర్మగర్భంగా వ్యాఖ్యానించారు" అని చదివినప్పుడు ఆయనేదో దాచి చెప్పాడనుకుంటాం. నిఘంటువు తీస్తే నర్మం అంటే పరిహాసం అని ఉంటుంది. దాపరికానికీ పరిహాసానికీ పొత్తు ఎక్కడ కుదిరింది? పాత కావ్యాల్లో ఈ మాట ఎలా నడిచింది? పైగా మీరు రాస్తున్న కథలో ఒక తాతగారి నోట "నర్మోక్తులు" అనిపించవచ్చా?

తాతగారి సంగతి చివర్లో చూద్దాం. ముందు నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. మనుచరిత్ర ద్వితీయాశ్వాసం పాఠం చెప్పిన రోజుల్లో "నర్మగర్భంబుగా" అన్నచోట పిల్లలు "గుట్టుగా" అని అర్థం రాసేవారు. నేను ఎర్రసిరాతో కొట్టేసి "పరిహాసం లోపల పెట్టుకుని" అని సరిదిద్దేవాణ్ణి. చాలా ఏళ్ళ తర్వాత అలంకారశాస్త్రం కాస్త నిదానంగా చదివితే తెలిసింది, ఆ పిల్లలు పూర్తిగా తప్పు రాయలేదని. వాళ్ళకి సగం మార్కులైనా వేయాల్సింది.

ఆ సన్నివేశం మీకు తెలిసిందే. పాదలేపం కరిగిపోయి హిమాలయాల్లో చిక్కుకున్న ప్రవరుడు వరూధినిని చూసి, "ఎవ్వతె వీవు భీతహరిణేక్షణ" అని పలకరించి, దారి తప్పాను, ఊరు చేరే తెరువు చెప్పమంటాడు. మనిషి అడిగింది దారి ఒక్కటే. ఆమె జవాబు:

ఇంతలు కన్నులుండఁ దెరు వెవ్వరి వేఁడెదు భూసురేంద్ర! యే
కాంతమునందు నున్న జవరాండ్ర నెపంబిడి పల్కరించు లా
గింతియ కాక, నీ వెఱుఁగవే మును వచ్చిన త్రోవ చొప్పు? నీ
కింత భయంబు లే కడుగ నెల్లిదమైతిమె మాట లేటికిన్?

పైకి ఇది దెప్పిపొడుపు. అంతంత కళ్ళు పెట్టుకుని దారి నన్నడుగుతావేం, ఒంటరిగా ఉన్న ఆడవాళ్ళని ఏదో వంకతో పలకరించడం కాకపోతే వచ్చిన దారి నీకు తెలియదా, మేమంత లోకువైపోయామా అని. మాటలన్నీ కోపానివే. లోపల కోపం లేదు. వంక పెట్టి మాట కలపాలన్న కోరిక ఎవరిది? ఆమెదే. దాన్ని తీసుకెళ్ళి ఆ బ్రాహ్మడికి అంటగడుతోంది. ఈ పద్యం కాగానే పెద్దన వచనం అందుకుని, ఆమె ఇలా "నర్మగర్భంబుగాఁ" పలికింది అంటాడు. నర్మం గర్భంలో ఉన్న మాట, బహువ్రీహి. కొబ్బరికాయలో నీళ్ళున్నట్టు కోపపు పెంకు లోపల సరసం ఉంది.

అయితే ప్రవరుడు ఆ కాయ కొట్టడు. అతనికి ఆమె మాటలో కోపమూ వినపడలేదు, సరసమూ వినపడలేదు. మళ్ళీ మళ్ళీ ఇంటి దారే అడుగుతాడు. నర్మం ఒంటిచేతి చప్పట్లు కాదు. అవతలి మనిషి అందుకోవాలి. అందుకునే చనువు ఇద్దరి మధ్యా ముందే ఉండాలి. లేని చనువు ఉన్నట్టు వరూధిని మాట్లాడింది. ఆ తర్వాత ఆమెకు జరగబోయేదంతా ఈ అందని పరిహాసంలోనే మొలకెత్తిందని నాకనిపిస్తుంది. పెద్దన అక్కడ "హాస్యముగా" అనో "నగుచు" అనో అనకుండా ఈ మాటే ఎందుకు వేశాడో ఇలా చదివితే తెలుస్తుంది.

సంస్కృత నిఘంటువు అమరకోశం ఈ మాటని ఎక్కడ పెట్టిందో చూడండి: "ద్రవకేలిపరీహాసాః క్రీడా లీలా చ నర్మ చ". కేళి, క్రీడ, లీల, వీటి పక్కన కూర్చోబెట్టింది. అంటే నర్మానికి నవ్వుతో కంటే ఆటతో దగ్గర చుట్టరికం. హాస్యానికి ప్రేక్షకుడుంటే చాలు. నర్మానికి మాత్రం ఎదుట మరో ఆటగాడుండాలి.

నాటకశాస్త్రంవాళ్ళు ఇంకా లోతుకి వెళ్ళారు. కైశికీవృత్తి అని ఒకటుంది, శృంగారానికి సంబంధించిన సుకుమారమైన నడక. దానికి నాలుగు అంగాలు చెబుతారు. మొదటిది నర్మం, చివరిది నర్మగర్భం. మధ్యలో ఉన్న రెండూ నర్మమన్న మాటతో మొదలయ్యేవే, వాటితో మనకిప్పుడు పని లేదు. 10వ శతాబ్దిలో ధనంజయుడు దశరూపకంలో నర్మానికి చెప్పిన లక్షణం చిన్నదైనా గట్టిది: "వైదగ్ధ్యక్రీడితం నర్మ ప్రియోపచ్ఛన్దనాత్మకమ్". నేర్పుతో ఆడే ఆట, ప్రియమైనవాళ్ళ మనసు తనవైపు తిప్పుకునేది. ఎదుటివాణ్ణి తక్కువ చేయడం ఈ లక్షణంలో ఎక్కడా లేదు. మాటతో చేసేది, వేషంతో చేసేది, చేష్టతో చేసేది అంటూ విడదీసుకుంటూ వెళ్ళి 18 రకాలు తేల్చారు. ఆ లెక్కల జోలికి మనం పోనక్కర్లేదు. లెక్కలు వేయడం ఆ శాస్త్రానికి ఉన్న అలవాటు.

ఉదాహరణలు మాత్రం ముచ్చటైనవి. మాటతో చేసే నర్మానికి వ్యాఖ్యాత ధనికుడు కుమారసంభవం ఏడో సర్గలోంచి శ్లోకం తెచ్చాడు. పార్వతిని పెళ్ళికూతుర్ని చేస్తున్నారు. చెలికత్తె ఆమె పాదాలకి లత్తుక పూసి, "ఈ పాదంతో నీ మొగుడి తలమీది చంద్రకళని తాకుదువుగాని" అంటుంది. పార్వతి ఏమీ అనలేదు. చేతిలో ఉన్న పూలమాలతో ఆమెను ఒక్కటి కొట్టింది. "నిర్వచనం జఘాన" అంటాడు కాళిదాసు. ఆ దెబ్బతో ఆట పూర్తయింది. ప్రవరుడి దగ్గర జరగనిది ఇదే.

చేష్టతో చేసేదానికి కాళిదాసు నాటకం మాళవికాగ్నిమిత్రం చూపించారు. విదూషకుడు కూర్చున్నచోటే కునుకు తీస్తూ కలవరిస్తుంటే, నిపుణిక అనే దాసి వంకర కర్ర ఒకటి అతని మీద పడేస్తుంది. పామనుకుని హడలి లేస్తాడు. ఇది మోటు హాస్యం కదా, దీన్నెలా నర్మం అన్నారు అని మీరడగవచ్చు. నిపుణికకీ విదూషకుడికీ మధ్య ఆ చనువుంది. అదే కర్ర కొత్తవాడి మీద పడేస్తే అది అల్లరి అవుతుంది.

ఇప్పుడు నర్మగర్భం దగ్గరికి వద్దాం. శాస్త్రంలో ఇది మాటకి పేరు కాదు, పనికి పేరు. నాయకుడు ఏదో పని సాధించడానికి తనని తాను మరుగుపరుచుకుని వ్యవహరిస్తే అది నర్మగర్భం. నాట్యశాస్త్రం "ప్రచ్ఛన్నం" అనే మాటే వాడింది. అమరుకశతకంలో ఒక శ్లోకం దీనికి చక్కగా అతుకుతుంది: తన ఇద్దరు ప్రియురాళ్ళు ఒకే ఆసనం మీద కూర్చుని ఉండగా నాయకుడు చప్పుడు లేకుండా వెనకనుంచి వచ్చి, ఆటలాగా ఒకామె కళ్ళు మూసి, మెడ వంచి రెండో ఆమెని ముద్దుపెట్టుకుంటాడు. కళ్ళు మూయడం పైకి కనిపించే ఆట, దాని చాటున వేరే పని.

కనక దాపరికం ఈ మాటలోకి పత్రికలవాళ్ళు తెచ్చిపెట్టింది కాదు. వెయ్యేళ్ళకు ముందే ఉంది. నా ఎర్రసిరా తొందరపడింది అందుకే. కాకపోతే అప్పటి దాపరికం పరిహాసంతో కలిసి ఉండేది. ఇప్పటిదానిలో పరిహాసం లేదు.

తెలుగు కవుల విషయంలో నన్ను ఇంకా ఆశ్చర్యపరిచింది వేరే. సంస్కృతంలో నర్మం ఉన్నచోట వీళ్ళు దాన్ని ఎప్పుడు ఉంచారు, ఎప్పుడు మార్చారు, ఎప్పుడు తీసేశారు అని చూడండి. పోతన మూడు పనులూ చేశాడు.

ఉంచినచోటు ప్రతి తెలుగువాడికీ తెలుసు. చల్దులారగించే ఘట్టం. మూలమైన సంస్కృత భాగవతంలో కృష్ణుడు చుట్టూ ఉన్న స్నేహితులని "హాసయన్ నర్మభిః స్వైః", తనవైన పరిహాసాలతో నవ్విస్తూ తిన్నాడని ఉంది. పోతన "సంగడీల నడుమఁ జక్కగఁ గూర్చుండి నర్మభాషణముల నగవు నెఱపి" అన్నాడు. నర్మం, నవ్వు రెండూ నిలిచాయి. వేళ్ళ సందుల్లో ఊరుగాయలూ, డాపలిచేత చల్దిముద్దా తేటతెనుగులో నడుస్తుంటే మధ్యలో "నర్మభాషణములు" అనే సంస్కృత సమాసం కాస్త జరీ అంచులా మెరుస్తుంది. తర్వాతి పాదంలో "యాగభోక్త" రాబోతున్నాడు గదా, దానికి ముందుగా ఒక మెట్టు ఎక్కించాడన్నమాట. ఇది నా ఊహే, కానీ ఆ పద్యం బిగ్గరగా చదివితే మీకూ వినిపిస్తుంది.

మార్చినచోటు రుక్మిణి ఘట్టం. కృష్ణుడు ఒకనాటి రాత్రి ఆమెను ఆటపట్టిస్తూ, నేను నీకు తగినవాణ్ణి కాను, తగిన రాజుని చూసుకో అంటాడు. ఆమె మూర్ఛపోతుంది. పరిహాసం లోతు ఆమెకి తెలియలేదంటాడు వ్యాసుడు, "హాస్యప్రౌఢిమజానన్త్యాః" అని. ఆయన కంగారుగా మంచం దిగి, నాలుగు చేతులతో ఆమెను లేవనెత్తి, ఓదార్చి చెప్పే మాట ఇది: "అయం హి పరమో లాభో గృహేషు గృహమేధినామ్, యన్నర్మైరీయతే యామః ప్రియయా". కాపురం చేసుకునేవాళ్ళకి ఇంట్లో దక్కే పెద్ద లాభం ఏమిటయ్యా అంటే, ఇష్టమైన భార్యతో నర్మాలాడుకుంటూ పొద్దుపుచ్చడమే. ఇంత పెద్ద మాట అన్నది కూడా పరిహాసం బెడిసికొట్టిన తర్వాత, తప్పు దిద్దుకుంటూ!

పోతన ఇక్కడ నర్మం అన్న పదం వాడలేదు. దాన్ని విప్పి పరిచాడు. కింకలు, ముద్దుపల్కులు, "జంకెలు తేఱిచూపు లెకసక్కెములున్", నెలవంక బొమలు అంటూ ఒక్కొక్కటే లెక్కపెట్టి, ఇవన్నీ ఉన్న కాంతని కూడటమే "జన్మఫలమబ్బుట గాదె కురంగలోచనా" అన్నాడు. గమనించారా, లాభం కాస్తా జన్మఫలం అయింది. నర్మం ఎకసక్కెం అయింది. మనకివాళ ఎకసక్కెం అంటే ఎగతాళి, "నాతోనా నీ ఎకసెక్కాలు" అని విరుచుకుపడటానికే పనికొస్తుంది. పోతన నాటికి అది ముద్దుపల్కుల వరుసలో కూర్చోగలిగేది.

ఇలాంటిదే ఇంకోటి ప్రథమస్కంధంలో. కృష్ణుడు వెళ్ళిపోయాక అర్జునుడు ధర్మరాజు దగ్గర ఏడుస్తూ తలుచుకునే శ్లోకం "నర్మాణి" అనే మాటతోనే మొదలవుతుంది. ఉదారమైన చిరునవ్వుతో ఆయన ఆడిన పరిహాసాలు, పార్థా అని, అర్జునా అని, సఖా అని పిలిచిన పిలుపులు గుర్తొచ్చి గుండె దొర్లిపోతోందంటాడు. పోతన సీసంలో ఆ చనువంతా "చెలికాఁడ! రమ్మని చీరు నన్నొకవేళ, మన్నించు నొకవేళ మఱఁది యనుచు" అంటూ మొదలై "గ్రీడించు నొకవేళ గేలిసేయు" దాకా సాగుతుంది. అమరకోశం ఒకచోట కట్టిన క్రీడ, పరిహాసం ఇక్కడ మళ్ళీ పక్కపక్కన పడ్డాయి. "మఱఁది" అన్నది కూడా ఊరికే పడలేదు. బావామరుదుల మధ్య గేలి చెల్లుతుంది. గేలిచేయడం అంటే అవమానించడమనే ఇవాళ్టి అర్థంతో ఈ పాదం చదివితే కృష్ణుడు దుర్మార్గుడైపోతాడు.

ఒక్క నిమిషం పక్కకి వెళ్ళి వస్తాను. గీత పదకొండో అధ్యాయంలో విశ్వరూపం చూసి వణికిపోయిన అర్జునుడు, విహారంలో, పడకలో, భోజనంలో నిన్ను పరిహాసానికి ఏమేమో అన్నాను, క్షమించమంటాడు. అక్కడి మాట "అవహాసం". తను చేసినదాన్ని అవహాసం అనుకుని క్షమాపణ అడిగినవాడే, కృష్ణుడు తనపై చేసినవాటిని నర్మాలని తలుచుకుని ఏడ్చాడు. గ్రంథాలు వేరు, కాలాలు వేరు, ముడిపెట్టకూడదని ఎవరైనా అంటే కాదనను. ముడిపెట్టకుండా ఉండటం మాత్రం నా వల్ల కాలేదు.

ఇక తీసేసినచోటు. "వారిజాక్షులందు వైవాహికములందు" పద్యం రానివాళ్ళుండరు. వామనుడికి ఇచ్చిన మాట తప్పమని శుక్రాచార్యుడు బలికి చెప్పే సందర్భం, ఎక్కడెక్కడ బొంకవచ్చో జాబితా. మూలశ్లోకం "స్త్రీషు నర్మవివాహే చ" అని మొదలవుతుంది. స్త్రీల దగ్గర, పరిహాసంలో, పెళ్ళిలో అని. పోతన పద్యంలో వారిజాక్షులున్నారు, వైవాహికముంది, ప్రాణ విత్త మాన భంగముంది, గోబ్రాహ్మణ రక్షణ ఉంది. నర్మం లేదు.

నాలుగు వందల ఏళ్ళు వెనక్కి వెళ్ళి నన్నయని చూడండి. ఆదిపర్వంలో శర్మిష్ఠ యయాతికి ఇదే నచ్చజెబుతుంది. సంస్కృతంలో ఆమె మొదటి మాటే "న నర్మయుక్తం వచనం హినస్తి", పరిహాసంతో కూడిన మాట హాని చేయదు అని. ఆ తర్వాతే స్త్రీలు, పెళ్ళి, ప్రాణాపాయం, సర్వధనాపహరణం. మొత్తం ఐదు. నన్నయ పద్యం:

చను బొంకఁగఁ బ్రాణాత్యయ
మున సర్వధనాపహరణమున వధ గావ
చ్చిన విప్రార్థమున వధూ
జన సంగమమున వివాహ సమయములందున్

ఇక్కడా ఐదే. నర్మం ఉండాల్సిన ఖాళీలో చంపబోతున్న బ్రాహ్మణుణ్ణి కాపాడటం వచ్చి కూర్చుంది. ఇద్దరు మహాకవులు, రెండు వేర్వేరు మూలాలు, ఇద్దరి దగ్గరా అదే మాట జారిపోయింది. "వధూజన సంగమం"లోనే నర్మం కలిసిపోయిందని సమాధానం చెప్పుకోవచ్చు, ఆడామగా సరసాలే నర్మమనుకుంటే. నాకు తోచింది మరొకటి. పరిహాసానికి ఆడిన మాట బొంకు కిందకి రాదని తెలుగువాడికి వేరే చెప్పనక్కర్లేదు. ధర్మశాస్త్రం మినహాయింపు ఇచ్చే అవసరమే అక్కడ లేదు. ఏది నిజమైనా ఫలితం ఒకటే. తెలుగు చదువరికి నర్మం అన్న పదం బట్టీపట్టే పద్యాల్లోంచి రెండుసార్లు తప్పిపోయింది. ఆ రెండు పద్యాల్లో అది ఉండి ఉంటే దాని అర్థం పల్లెటూరి పంచాయితీలో కూడా తెలిసి ఉండేది.

పరిహాసం, బొంకు ఎంత దగ్గరివో చూడాలంటే శాకుంతలం రెండో అంకం చివర చూడండి. తన ప్రేమ సంగతి విదూషకుడు అంతఃపురంలో వాగుతాడేమోనని దుష్యంతుడికి భయం. అందుకని "పరిహాసవిజల్పితం సఖే పరమార్థేన న గృహ్యతాం వచః" అంటాడు. వేళాకోళానికి అన్నానోయ్, నిజమనుకునేవు అని. ఆరో అంకంలో ఉంగరం దొరికాక, నువ్వైనా ఎందుకు గుర్తుచేయలేదని రాజు అడిగితే, తమరే వేళాకోళమన్నారుగా, మట్టిబుర్రని నమ్మేశాను అంటాడు పాపం. నర్మసచివుడు అంటే ఇతనే, రాజుకి పరిహాసాల్లో తోడుండే మంత్రి. అతని దగ్గరే పరిహాసాన్ని అబద్ధంగా వాడాడు రాజు.

పత్రికల దగ్గరికొస్తే, నర్మం విడిగా వాడుకలోంచి పోయింది. నర్మాలాపం, నర్మోక్తి, నర్మసఖి గ్రంథాల్లో ఉండిపోయాయి. నర్మదకి నర్మాన్నిచ్చేది, ఆనందాన్నిచ్చేది అని వ్యుత్పత్తి చెబుతారు గానీ ఆ పేరు పెట్టుకున్నవాళ్ళకి కూడా అది తట్టదు. సమాసంగా నర్మగర్భం ఒక్కటే బతికి బయటపడింది. విడిపదం తెలియనప్పుడు సమాసాన్ని విప్పుకునే దారి లేదు. పక్కనే ప్రాసలాగా మర్మం ఉంది, అది అందరికీ తెలిసిన మాట. చెవికి నర్మం, మర్మం కవలపిల్లల్లా వినిపిస్తాయి. కొందరు "మర్మగర్భంగా" అని కూడా రాసేస్తున్నారు. వాళ్ళ మనసులో ఉన్న అర్థానికి నిజానికి అదే సరైన రూపం. "కాలమే సమాధానం చెబుతుంది" అని ఒక నాయకుడన్నాడనుకోండి. అందులో బెదిరింపు ఉండొచ్చు, పార్టీ మారే ఆలోచన ఉండొచ్చు. నవ్వు మటుకు లేదు. ఆ వాక్యానికి నర్మగర్భం అని పేరు పెట్టడం నాకు నచ్చదు. తప్పని కొట్టేయను, వాడుక స్థిరపడిపోయింది. నేను రాస్తే "అన్యాపదేశంగా" అంటాను, లేదా తేలిగ్గా "డొంకతిరుగుడుగా" అంటాను.

ఇప్పుడు మీ తాతగారు. ఆయన మామూలు సంసారి అయితే "నర్మోక్తులు" అనిపించకండి, ఆ మాట ఎవరింట్లోనూ నోటితో అనగా నేను వినలేదు. మనవరాలితో అయితే "మేలమాడుతున్నావుటే" అంటాడేమో. మేలం అంటే పరిహాసమే, బ్రౌన్ నిఘంటువులో ఉంది, ఇప్పుడు పాతబడింది కనక వయసు కూడా తెలుస్తుంది. బావమరిదితో అయితే పరాచికాలు. కోపమొస్తే వేళాకోళం, ఇంకా వస్తే ఎకసెక్కం. ఎవరితో అంటున్నాడన్నదాన్ని బట్టి మాట మారాలి.

ఆయన భాగవతం నోటికొచ్చిన మనిషి అయితే మాత్రం నర్మం ఆయన చేత అనిపించే దారి ఒకటుంది. పొద్దున్నే పిల్లలంతా చుట్టూ చేరి చద్దన్నం తింటూ గోలచేస్తుంటే, విసుక్కోబోయి ఆగి, ఊరగాయ జాడీ వాళ్ళవైపు జరుపుతూ "నర్మభాషణముల నగవు నెఱపి..." అని రాగం తీయనివ్వండి. పిల్లలకి అర్థం కాదు. మీరు కూడా కథలో అర్థం చెప్పకండి.